అరవై మూడో నంబరు, ఎడమ మోకాలు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. రక్తం గొట్టాలు యాభై ఒకటి. మోకాలి నీటి గొట్టాలు ఏడు. వాటిలో ఉన్న నీరంతా కలిపితే ముప్పై నాలుగు మిల్లీలీటర్లు, టీకొట్టు చిన్న గ్లాసులో సగం. పొద్దుటి పూటలు తొమ్మిది. మనిషికి అరగంట చొప్పున యాభై ఒక్కమంది విశ్రాంతి, అంటే ఇరవై ఐదున్నర గంటలు. డాక్టరమ్మ దాదాపు ముగించిన నివేదిక పదహారు పేజీలు. ఇవన్నీ నా చేతి తప్పువల్ల పోయాయి. ఇంకొకరి మీదికి తొయ్యడానికి ఇందులో ఒక్క గొట్టం కూడా లేదు.

ఊళ్ళలో సర్వేలకూ వైద్య శిబిరాలకూ రిజిస్టరు రాసే పనిలో ఇప్పుడు చాలామంది పిల్లలు చేరుతున్నారు. వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. మీ చేతిలో ఫోనుంది, అంకెలు అదే కూడుతుంది. కానీ అంకె పుట్టకముందు ఏం జరిగిందో ఫోను చూడదు. అది చూడాల్సింది మనం.

నేను చదువుకున్నవాణ్ణి కాను. ఎస్ఎస్ఎల్‌సి తప్పాను, అదీ లెక్కల్లోనే. తరవాత కన్నడ సీమ అంచున మా పావగడలో ఒక చెనిక్కాయల, అంటే వేరుశనగ మిల్లులో కాటా దగ్గర తూకం రాసే పనికి కుదిరి, పద్దెనిమిదేళ్ళు మూటలు లెక్కపెట్టాను. సగటు కట్టడం, వరుసలు పక్కపక్కన పెట్టి పోల్చడం అక్కడే పాత కామర్సు పుస్తకాలు ముందు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. వానలు తప్పాయి, కాయలు తగ్గాయి, తిరుమణి చుట్టూ పొలాలు సోలారుకు గుత్తకు పోయాయి, మిల్లు మూతపడింది. అప్పుడొచ్చింది ఈ ఉద్యోగం. ఒక వైద్య కళాశాలవాళ్ళు మా తాలూకాలో ఆడవాళ్ళ మోకీళ్ళ అరుగుదల మీద పరిశోధన మొదలుపెట్టారు. నలభై దాటిన ఎనభై నలుగురు ఆడవాళ్ళు, రోజుకు ఆరుగురు, పద్నాలుగు పొద్దులు. రిజిస్టరు రాయడానికి తెలుగూ కన్నడమూ వచ్చిన మనిషి కావాలన్నారు. అంకెలు శుభ్రంగా రాస్తానని నన్ను తీసుకున్నారు.

శిబిరం తిరుమణిలో పాల సంఘంవాళ్ళు వదిలేసిన పాత గదిలో. లోపల ఒక ఫ్రీజరు, రక్తం గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం ఒకటి, ఒక మంచం. బయట పైకప్పున్న నిడుపాటి పంచ. మనుషులం ముగ్గురం. డాక్టరమ్మ బెంగళూరు మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. రక్తం తీసే టెక్నీషియను అనంతపురం వైపువాడు, సూది గుచ్చేటప్పుడు ఏదో ఒక పరాచికం ఆడి చెయ్యి మరిపించేవాడు. మూడోవాణ్ణి నేను.

మొదటిరోజే డాక్టరమ్మ నాకు విషయమంతా ఓపికగా చెప్పింది. మోకీలులో ఎముకల కొసల మీద తెల్లగా, నున్నగా ఒక పొర ఉంటుందట. మృదులాస్థి అంటారు. దానికి రక్తనాళం లేదు, నరం లేదు. అరుగుతున్నా నొప్పి అనదు. నొప్పి వచ్చేది చుట్టుపక్కలవాటికి, అదీ చాలా అరిగాక. ఎక్స్‌రేలో తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. అయితే ఆ పొర అరిగేటప్పుడు దాని మాంసకృత్తుల ముక్కలు సన్నగా రాలి మోకాలి నీటిలో పడతాయి, అక్కణ్ణించి రక్తంలోకి చేరతాయి. ఆ ముక్కల్ని కొలవగలిగితే, నోరులేని ఆ పొర ఏం పడుతోందో ముందే తెలుసుకోవచ్చునేమోనని వీళ్ళ వెతుకులాట. అవి ఇంకా గుంపుల లెక్కకే పనికొస్తాయని, ఒక్క మనిషికి నీ మోకాలు ఇన్నేళ్ళు ఆగుతుందని చెప్పే దశకు రాలేదని కూడా అప్పుడే అన్నది. ఆ రెండో మాట నేను సరిగా చెవిన పెట్టలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. కాటా దగ్గర అన్నేళ్ళు గడిపినా ఇంత సన్నటి తరుగును తూచేవాళ్ళు ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

మోకాలు బాగా వాచినవాళ్ళకు, వాళ్ళు ఒప్పుకుంటే, ఉపశమనం కోసం సూదితో నీరు తీసేవారు. అందులోంచే కొంత పరిశోధనకు దాచేవారు. మొదటిసారి తీసిన నీటిని డాక్టరమ్మ సూది కొసన ఒక బొట్టుగా జార్చి చూపించింది. బొట్టు తెగలేదు. ఆముదంలాగా, లేత పసుపు తీగ అయి రెండంగుళాలు సాగింది. ఆరోగ్యంగా ఉంటే ఇంకా పొడుగు సాగుతుందట. ఆ తీగ మీద మనిషి బరువంతా లేచి కూర్చుంటున్నదని తెలిసిన ఆ పూట ఇంటికి పోతూ నా మోపెడ్‌ను రెండు సార్లు ఆపి, నా మోకాళ్ళను చేత్తో తడిమి చూసుకున్నాను.

రక్తం తీసేముందు ఒక నియమం ఉంది. నడిచి వచ్చిన మనిషిని అరగంట కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టాలి. నడక వల్ల కీలు మీద బరువు పడి, రాలే ముక్కలు రక్తంలో పెరుగుతాయి. అరగంట గడిచిందో లేదో చూసి రిజిస్టరులో టిక్కు పెట్టడం నా పని.

ఐదు రోజులు బాగానే జరిగింది. ఆరో రోజు పొద్దున షామియానా అంగడివాడు వచ్చి, పెండ్లికి ముందే మాట ఇచ్చినానని చెప్పి మేము బాడుగకు తెచ్చుకున్న కుర్చీలన్నీ ఎత్తుకుపోయాడు. రెండు రోజుల్లో తిరిగి తెస్తానన్నాడు, తేలేదు. డాక్టరమ్మా టెక్నీషియనూ లోపల మంచం దగ్గరే ఉంటారు, పంచలోకి రారు. నేను ఆలోచించాను. చెరుపు చేసేది నడక కదా, కూర్చోవడం నడక కాదు కదా, కుర్చీ అయితేనేం నేల అయితేనేం అనుకున్నాను. ఆమెకు చెప్పనే లేదు. ఆడవాళ్ళను పంచలో నేల మీద కూర్చోమన్నాను.

అది మృగశిరకు ముందు కాలం. విత్తనం కాయలు ఒలుచుకునే రోజులు. మిషనులో వేస్తే గింజ బద్దలవుతుందని మా వైపు విత్తనానికి చేత్తోనే ఒలుస్తాము. అరసికెరె దగ్గర నాకు రెండెకరాలుంది, గుత్తకివ్వలేదు. ఆ సంగతి తెలిసిన ఒకామె, చేతులు ముడుచుకుని అరగంట ఉండలేక, నా వైపు తిరిగి అన్నది.

"ఏంటికప్పా ఊరికే గోడ చూస్తా కూసోబెడ్తావు మమ్మల్ని? మీ విత్తనం మూట తెచ్చెయ్. రక్తం ఇచ్చేలోపల ఒలిచేస్తాము."

మరునాడు తేవడం కూడా కాదు. ఆ పొద్దే మోపెడ్ మీద పోయి మూట తెచ్చాను. నాలుగు గ్లాసుల గింజలు ఒలిస్తే ఒక గ్లాసు వాళ్ళకు, ఊళ్ళో ఎప్పుడూ ఉన్న వంతే. ఎవరికీ తక్కువ కాకూడదని నా సొంత నోటుపుస్తకంలో ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఎన్ని గ్లాసులు ఒలిచారో రాసుకున్నాను. రిజిస్టరులో మాత్రం అందరి ఎదురుగానూ విశ్రాంతి అరగంట అని టిక్కు పెట్టాను. మనసులో ఏ దోషమూ లేదు. మా ఊళ్ళో కాయలు ఒలవడాన్ని ఎవరూ పని అనరు. అది కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కిందే లెక్క.

ఎట్లా కూర్చున్నారో ఇప్పుడు తలుచుకుంటే కళ్ళకు కట్టినట్టుంది. మూట చుట్టూ గొంతుకూర్చుని, మోకాళ్ళు గడ్డానికి ఆనేట్టు. రెండు దోసిళ్ళు ఒలిచి లేవడం, చేటలో పొట్టు చెరగడం, మళ్ళీ గొంతుకూర్చోవడం. తొమ్మిది పొద్దులూ ఇదే. ఆ తొమ్మిది రోజుల్లో వచ్చిన యాభై నలుగురిలో ఒలవనివాళ్ళు ముగ్గురే. ఒకామెకు కొడవలి తెగి వేలికి కట్టు ఉంది. ఒకామె తలనొప్పి అని కాళ్ళు చాపి గోడకు ఆనుకుంది. ఇంకొకామె ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది.

పదకొండో రోజు వచ్చింది అరవై మూడో నంబరు.

ఆమె పేరు రాయను. సోలారు పలకల కింద గడ్డి కోసే గుంపుకు పెద్ద. యాభై ఎనిమిదేళ్ళు. పలకల్ని కడిగిన నీళ్ళు కింది అంచు నుంచి కారి, సరిగ్గా మనిషి నిలబడలేని చోటే గడ్డి మొలుస్తుంది. దాన్ని గొంతుకూర్చుని జరుగుతూ కొయ్యాలి. ఒక్కొక్క వరుస మా ఊరి వీధంత పొడుగు. ఆమె గుంపులో ఎనిమిది మంది. కాంట్రాక్టరు మనుషుల్ని విడివిడిగా తీసుకోడు, పెద్దను చూసి గుంపును తీసుకుంటాడు. వానలకు ముందు ఆమె ఇంకో ఏడాదికి ఒప్పుకుంటేనే ఆ ఎనిమిది మందికీ పని. ఒప్పుకుని నడిమధ్యలో మోకాలు పడితే గుంపంతా పోతుంది. ఒప్పుకోకపోతే ఇప్పుడే పోతుంది.

ఎడమ మోకాలు కుండలా వాచి ఉంది. పరీక్ష ఏమిటో, నీరు ఎందుకు తీస్తున్నారో చెప్పే కాగితం చదివి వినిపించమని డాక్టరమ్మ అంటే నేనే వినిపించాను. అంతా విని, వేలిముద్ర వెయ్యకముందు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"ఆ నీళ్ళలో నా మోకాలు ఇంగా ఎంత మిగిలిండాదో లెక్క వస్తాదా?"

"వస్తాదిక్కా," అన్నాను.

"వస్తే నాకు చెప్తావా?"

"నేనే తెచ్చి చెప్తా."

రెండో మాట ఇవ్వడానికి నాకు అధికారం లేదు. మొదటిది అసలు నిజమే కాదు. అయినా ఆమె నా మొహం చూసి వేలిముద్ర వేసింది. సూది దిగినప్పుడు కళ్ళు మూసుకోలేదు. ఆరు మిల్లీలీటర్లు పరిశోధనకు తీసి గొట్టంలో పోశారు. ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, "వచ్చే ఏడు నేను కూసోని లేస్తానో లేదో ఈ చుక్కకు తెలుసునంటావు," అని నెమ్మదిగా లేచి, చీర సర్దుకుని వెళ్ళింది.

ఆ పొద్దు ఆమె ఒలిచింది ఐదు గ్లాసులు. ఆ తొమ్మిది రోజుల్లో అంత ఒలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు.

కొన్ని వారాలకు రక్తం అంకెలు బెంగళూరు నుంచి వచ్చాయి. నీటి గొట్టాలు ఇంకా ఫ్రీజరులోనే ఉన్నాయి, రక్తం చూశాక పంపాలని. డాక్టరమ్మ సంతోషం చెప్పలేను. మొదటి ముప్పై మంది, అంటే మంగళవాడ, అరసికెరె వైపు సేద్యం ఆడవాళ్ళు, అంకెలు తక్కువ. తరవాతివాళ్ళలో దాదాపు అందరికీ ఎక్కువ. తరవాత వచ్చినవాళ్ళలో గడ్డి కోసేవాళ్ళే ఎక్కువ కాబట్టి, పలకల కింది పని మోకాళ్ళను ఇంతగా తినేస్తోందని ఆమె నివేదిక రాసింది. రెండు రోజుల్లో పంపాలి. అంకెల్ని రిజిస్టరులోకి ఎక్కించమని నాకిచ్చింది.

నాకొక అలవాటుంది. రోజుకు ఆరుగురు కాబట్టి, ఆరు అంకెలకొక గీత గీస్తూ పోతాను. ఐదు గీతలు దాటాక అంకెలు ఎగిరాయి. ముప్పై ఒకటో నంబరు నుంచి. బాగానే ఉంది అనుకుంటూ గడ్డి గుంపులు ఎప్పటినుంచి వచ్చాయో చూశాను. ఎనిమిదో రోజు నుంచి, నలభై మూడో నంబరు నుంచి. మరి ఆరో రోజు, ఏడో రోజు వచ్చిన పన్నెండు మందీ సేద్యంవాళ్ళే. వాళ్ళకెందుకు పెరిగింది? కలం కింద పెట్టాను. తరవాత ఇంకోటి కనబడింది. గడ్డి కోసేవాళ్ళ మధ్యలో మూడు అంకెలు మాత్రం మొదటి ముప్పై మందిలాగే చిన్నగా ఉన్నాయి. నలభై ఏడు, యాభై ఎనిమిది, డెబ్బై. ఎవరా అని పేర్లు చూశాను. వేలికి కట్టు. తలనొప్పి. ఒళ్ళో మనవరాలు.

ఆరో రోజు మారింది మనుషులు కాదు, కుర్చీలు.

సంచిలోంచి నా నోటుపుస్తకం తీసి, గ్లాసుల వరుసను రక్తం వరుస పక్కన పెట్టాను. అన్నిచోట్లా కుదిరిందని అబద్ధం చెప్పను. కానీ ఎక్కువచోట్ల, గ్లాసులు పెరిగినకొద్దీ అంకె పెరిగింది. అరగ్లాసు ఒలిచినామెకు కొంచెం, నాలుగు గ్లాసుల ఆమెకు చాలా. ఈ ఆడవాళ్ళు పంచలో ఎట్లా కూర్చున్నారో, ఎన్ని సార్లు లేచారో డాక్టరమ్మ చూడలేదు, బెంగళూరులోని యంత్రం అసలే చూడలేదు. చూసినవాణ్ణి నేను రాయలేదు. రక్తం రాసిపెట్టింది. నేను టిక్కు పెట్టి కప్పేసిన అరగంటను, మోచేతి దగ్గర తీసిన ఒక చెంచాడు రక్తం ఉన్నదున్నట్టు చెప్పింది. అంత నిజాయితీగల రిజిస్టరును నేను నా జీవితంలో చూడలేదు.

భయం దాని తరవాత వచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నోటుపుస్తకం నా సొంతం, దాన్ని అడిగేవాళ్ళు లేరు. పైగా ఆ నివేదిక గడ్డి కోసేవాళ్ళకు మేలు చేసేదేమో కూడా. ఆ మాట మనసులో రెండు సార్లు తిప్పుకున్నాను. కానీ అరవై మూడో నంబరు గుర్తుకొచ్చింది. ఆమె అడిగింది తన మోకాలి లెక్క. నేను ఆమెకు చెప్పబోయేది నా చెనిక్కాయల లెక్క.

డాక్టరమ్మ ముందు రెండు పుస్తకాలూ తెరిచి పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె వాటిని పక్కపక్కన జరుపుకుంది. వేలితో ఒక్కొక్క వరుసా దిగుతూ పోయింది. చివరికి వచ్చాక మళ్ళీ మొదటినుంచి చూసింది. తిడుతుందని చూస్తున్నాను. తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, మొహంలో మాత్రం ఏదో వెలుగు కూడా ఉంది. బరువు పడితే కీలులోంచి ముక్కలు రక్తంలోకి వస్తాయని పుస్తకాల్లో చదివింది కానీ, గ్లాసుల కొలతలో ఎప్పుడూ చూడలేదని కన్నడంలో అన్నది. తరవాత తన పదహారు పేజీలనూ తనే నిలువునా చింపింది. పక్కన నిలబడ్డ టెక్నీషియను, "అన్నా, నీ విత్తనం పొలంలో మొలవకముందే వీళ్ళ రక్తంలో మొలిచింది కదన్నా," అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. తరవాత ముగ్గురమూ నవ్వాము.

నియమం ప్రకారం యాభై ఒక్క రక్తాలూ లెక్కలోంచి తీసేశారు. వాటితో జతగా తీసిన ఏడు నీటి గొట్టాలనూ పరీక్ష చెయ్యకుండానే పారెయ్యాలి. ఆ చీటీ మీద నంబర్లు రాసి సంతకం పెట్టింది నేనే. అరవై మూడు రాసేటప్పుడు ఆ గొట్టం మీద నేనే అంటించిన కాగితం నన్ను చూస్తున్నట్టనిపించింది.

కుర్చీలు కొన్నాము. ఆడవాళ్ళను మళ్ళీ పిలిచాము. యాభై ఒక్కరిలో నలభై ఆరుగురు వచ్చారు. అరగంట కుర్చీల్లో కూర్చోబెట్టి, నేను వాళ్ళ ఎదురుగా నిలబడి కాపలా కాశాను. రక్తం అంకెలు ఈసారి శాంతించాయి. గడ్డి కోసేవాళ్ళకు కొంచెం ఎక్కువే, కానీ మునుపు అనుకున్నంత కాదు. నీరు ఇచ్చిన ఏడుగురిలో నలుగురికి మోకాలు మళ్ళీ వాచి ఉంది, తీశారు. ముగ్గురికి వాపు లేదు. అవసరం లేకుండా కేవలం అంకె కోసం మోకాలులో సూది దించకూడదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఎప్పుడూ ఏమీ అడగలేదు. మూడో ఆమె అరవై మూడో నంబరు.

ఆమె రక్తం అంకె తీసుకుని నేనే వెళ్ళాను. పలకల మధ్య దారిలో, గట్టు మీద కూర్చుని గుంపుతో సంగటి తింటోంది. జరిగిందంతా చెప్పాను, నా మూట సంగతి కూడా. గుంపులో ఒకామె, "మా గ్లాసు గింజలకు ఎంత పని చేసినావప్పా," అని దెప్పింది. పెద్దామె కాగితం కోసం చెయ్యి చాచింది. కాగితం మీది అంకెను చూపించి, ఇది రక్తం లెక్క అన్నాను.

"రక్తమంటే ఒళ్ళంతా తిరుగుతాది కదప్పా. రెండు మోకాళ్ళు, తుంట్లు, చేతి వేళ్ళు, అన్నీ అరిగింది దాంట్లోనే పడ్తాది. నేనడిగింది ఈ ఎడమ మోకాలిది."

రక్తానికీ మోకాలి నీటికీ డాక్టరమ్మ నాకు చెప్పిన తేడా అదే. ఈమెకు ఎవరూ చెప్పలేదు. నీటి అంకె వచ్చినా అది ఇన్నేళ్ళని చెప్పదని, గుంపుల లెక్కకే పనికొస్తుందని, మొదట నేను మాట తప్పుగా ఇచ్చానని అప్పుడు చెప్పాను. వేలిముద్రకు ముందే చెప్పాల్సిన మాట అది.

"అది ఎంత చెప్తాదో నేను చూసుకుంటా," అన్నది. "నా కాలులోనిది తీసుకున్యారు. దాని లెక్క నాది."

ఆమె ఆ అంకె లేకుండానే కాంట్రాక్టరుకు ఒప్పుకుంది. గుంపుకు ఒక ఏడాది, తరవాత ఇంకొకటి. డాక్టరమ్మ చెప్పగా పలకలు వచ్చిన పెట్టెల చెక్కతో ఒక జానెడు ఎత్తు పీట చేయించి ఇచ్చాను. దాని మీద కూర్చుని జరుగుతూ కోస్తోంది. ఇప్పుడు ఆ ఎనిమిది మందికీ పీటలున్నాయి. మోకాలు ఆగింది పీటవల్లనా, పొర ఇంకా మిగిలి ఉండటంవల్లనా, మొండితనంవల్లనా, నేను చెప్పలేను. ఏ కొంచెమైనా చెప్పగలిగి ఉంటే అది ఆ గొట్టమే.

పరిశోధన ముగిసింది. నేను మళ్ళీ నా రెండెకరాల్లో ఉన్నాను. విత్తనం ఇంట్లోనే ఒలుచుకుంటాము, నేను కుర్చీలో కూర్చుని. తిరుమణి దారిలో ఎదురుపడితే ఆమె కొడవలి పైకెత్తి, "వచ్చెనాప్పా?" అంటుంది. "ఇంకా లేదక్కా," అంటాను. రాదని ఇద్దరికీ తెలుసు.

నోటుపుస్తకంలో ఆమె మోకాలి నీటి అంకె రాయాల్సిన వరుస ఇప్పటికీ తెరిచే ఉంది. గీత పెడితే నీరు తీయలేదని అర్థం. సున్నా పెడితే అందులో ఏమీ లేదని అర్థం. రెండూ అబద్ధమే కాబట్టి గడి ఖాళీగా ఉంచాను. అరవై మూడో నంబరు, ఎడమ మోకాలు. తీసుకున్నది ఆరు మిల్లీలీటర్లు. ఇవ్వాల్సింది ఒక అంకె.